నెలనెలా కడిగిస్తున్నా కుక్క చెవి వాసన ఎందుకు పోవడం లేదు?

ప్రశ్న: మాది విజయవాడ. మా చింటూ షిట్‌జు, నాలుగేళ్లవాడు, 7 కిలోలుంటాడు. నెలకోసారి గ్రూమర్ ఇంటికే వచ్చి స్నానం చేయించి, గోళ్లు తీసి, చెవులు శుభ్రం చేసి వెళ్తాడు. చేసిన నాలుగైదు రోజులు బాగానే ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ గోధుమరంగు జిడ్డు, పులిసిన వాసన, రాత్రిళ్లు తల విదిలించడం. కిందటిసారి చెవిలో వెంట్రుకలు పీకి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాడు. చింటూ కేక పెట్టి మంచం కిందకి దూరాడు. వచ్చే వారం మళ్లీ బుకింగ్ ఉంది. మా అత్తగారేమో గోరువెచ్చని కొబ్బరినూనె రెండు చుక్కలు వేస్తే చాలంటారు. గ్రూమర్‌ని మార్చాలా? మేమే చేసుకోవచ్చా? ఇంట్లో పర్షియన్ పిల్లి కూడా ఉంది, దాని చెవులూ చేయించాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: వచ్చే వారం బుకింగ్ రద్దు చేయండి. గ్రూమర్‌ని మార్చాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. శుభ్రం చేసిన వారంలోపే అదే జిడ్డు, అదే వాసన తిరిగొస్తున్నాయంటే చెవి లోపలి చర్మం వాచి ఉంది. వాచిన చర్మం గుబిలిని ఎక్కువగా ఊరిస్తుంది, ఆ తేమలో ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం), బాక్టీరియా పెరుగుతాయి. కడగడం వల్ల ఊరినది బయటికొస్తుందే తప్ప ఊరడం ఆగదు. పైగా లోపల ఒరుసుకుపోయిన చర్మం మీద నెలనెలా దూది రుద్దితే వాపు ఇంకా పెరుగుతుంది. పెరాక్సైడ్ పడగానే కేక పెట్టాడంటే లోపల చర్మం పచ్చిగా ఉండే ఉంటుంది.

ముందు చెవి నిర్మాణం తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మనిషి చెవి గొట్టం దాదాపు అడ్డంగా, పొట్టిగా ఉంటుంది. కుక్కకి అలా కాదు. డొప్ప దగ్గర మొదలైన గొట్టం ముందు కిందికి దిగి, దవడ మూల దగ్గర లోపలికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపు అవతల కర్ణభేరి ఉంటుంది. పైనుంచి మనకి కనిపించేది నిలువు భాగం మొదలు మాత్రమే. ఇయర్ బడ్ పెట్టి తిప్పితే పైనున్న గుబిలి కొంత అంటుకొస్తుంది, మిగతాది మలుపు వైపు కూరుకుపోతుంది. బడ్ తెల్లగా వచ్చిందని సంతోషించేలోపు అసలు సరుకు కర్ణభేరి పక్కన గట్టిపడుతూ ఉంటుంది. బడ్స్‌ని డొప్ప లోపలి మడతలు తుడవడానికి వాడుకోవచ్చు. గొట్టంలోకి మాత్రం దించకూడదు.

పెరాక్సైడ్ పొంగుతుంది కాబట్టి మురికంతా కోసేస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అది చర్మాన్ని రేపుతుంది, పొంగు అణిగాక మిగిలే నీరు మలుపులో నిలిచిపోతుంది. సర్జికల్ స్పిరిట్, నీళ్లు కలపని వెనిగర్ కూడా అంతే, పచ్చి చర్మం మీద మంట. టీ ట్రీ ఆయిల్ జోలికి అసలు వెళ్లొద్దు. కుక్కకీ అది విషమే, పిల్లికి మరీను.

వెంట్రుకల సంగతి. షిట్‌జు, పూడిల్ లాంటి జాతులకి చెవి గొట్టంలో కూడా వెంట్రుకలు పెరుగుతాయి. ఒకప్పుడు ప్రతి గ్రూమింగ్‌లోనూ పౌడర్ చల్లి, ఫోర్సెప్స్‌తో లాగేసేవారు. చాలామంది ఇప్పటికీ అదే చేస్తున్నారు. వెంట్రుక ఊడిన ప్రతిచోటా చిన్న గాయం మిగులుతుంది. బాగున్న చెవిలో వెంట్రుకలు ఉన్నంత మాత్రాన నష్టం లేదు, వాటిని ముట్టుకోకపోవడమే మేలు. జిడ్డుతో కలిసి బిరడాలా అడ్డుపడి, మందు లోపలికి వెళ్లకుండా చేస్తుంటేనే తీయాలి. అది కూడా డాక్టర్ చూశాక, వాపు తగ్గాక. వాచి తడిగా ఉన్న చెవిలో పీకడం, ఆ వెంటనే పెరాక్సైడ్ పోయడం రెండూ ఒకే రోజు జరిగాయి, అందుకే మంచం కింద దూరాడు.

అత్తగారికి మీరు చెప్పాల్సిందల్లా ఇంతే: కుక్క చెవుల్లో సాధారణంగా పెరిగే ఈస్ట్ పేరు మలసీజియా, దాని తిండి కొవ్వే. నూనె వేస్తే దానికి విందు పెట్టినట్టే. పైగా నూనె పొర వల్ల తర్వాత వేసే మందు చర్మానికి అంటదు. డొప్ప అంచులు పొడిబారి పొట్టు రేగితే కొబ్బరినూనె రాయాలని కూడా చాలామందికి ఉంటుంది. అంచుల మీద పొట్టు కట్టి, ఆ అంచుని వేళ్లతో రుద్దగానే కుక్క వెనక్కాలు గోక్కుంటున్నట్టు ఆడిస్తే అది గజ్జి కావచ్చు, నూనెతో పోయేది కాదు.

మెడికల్ షాపులో దొరికే మనుషుల చెవి చుక్కలు కూడా వద్దు. గుబిలి కరిగించే చుక్కల్లో కొన్నింటిలో టర్పెంటైన్ నూనె, ప్యారాడైక్లోరోబెంజీన్ ఉంటాయి. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో చూడకుండా ఏ చుక్కలైనా వేస్తే లోపలి చెవి దెబ్బతినే ప్రమాదం ఉంది. జెంటామైసిన్ లాంటి యాంటిబయాటిక్, క్లోర్‌హెక్సిడిన్ లాంటి క్రిమిసంహారకం చిల్లులోంచి లోపలికి వెళ్తే వినికిడి పోవచ్చు, తల ఒక పక్కకి వాలిపోవచ్చు. మందు రాసే పని గ్రూమర్‌ది కాదు కూడా. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం జబ్బు తేల్చి చికిత్స చేయాల్సింది రిజిస్టర్ అయిన పశువైద్యులే.

ఇక డాక్టర్ దగ్గరికి. వెళ్లే ముందు రెండు మూడు రోజులు చెవి తుడవకండి, ఏమీ వేయకండి. పరీక్షకి కావలసింది ఆ జిడ్డే. మీకు గన్నవరం దగ్గరే. అక్కడి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు, లేదా ఊళ్లో మీకు అలవాటైన క్లినిక్‌కి. ఎక్కడికెళ్లినా రెండు పనులు జరిగేలా చూసుకోండి. ఒకటి, ఓటోస్కోప్‌తో (చెవిలోకి వెలుగు వేసి చూసే పరికరం) మలుపు దాటి కర్ణభేరి దాకా చూడటం. వాపు ఎక్కువుండి కనిపించకపోతే కొద్దిరోజులు వాపు తగ్గే మందు ఇచ్చి మళ్లీ రమ్మంటారు, విసుక్కోకండి. రెండు, స్లైడ్ పరీక్ష. ఒక్కో చెవిలోంచి విడిగా స్వాబ్ తీసి, గాజు పలక మీద దొర్లించి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. పావుగంట పని. వేరుశనక్కాయ ఆకారంలో కనిపిస్తే ఈస్ట్, గుండ్రటి చుక్కలైతే ఒక రకం బాక్టీరియా, కడ్డీల్లా ఉంటే ఇంకో రకం. కడ్డీలు కనిపిస్తే కల్చర్ పరీక్ష (ఆ బాక్టీరియాని పెంచి ఏ మందుకి లొంగుతుందో చూడటం) కూడా చేయించడం మంచిది, సూడోమోనాస్ లాంటి మొండి బాక్టీరియా చాలా మందులకి లొంగదు. గోధుమరంగు జిడ్డు, పులిసిన వాసన ఈస్ట్‌ని సూచిస్తాయి నిజమే, కానీ రంగు, వాసన చూసి మందు రాసే చోట ఆగకండి. రెండు చెవుల్లో రెండు రకాలు ఉండటం కూడా మామూలే.

చుక్కలు రాస్తే ఎన్ని రోజులో అడిగి, పూర్తిగా వాడండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వారానికి వాసన పోతుంది, గోక్కోవడం తగ్గుతుంది, సీసా ఫ్రిజ్ మీదికి చేరుతుంది. లోపల ఈస్ట్ ఇంకా ఉంటుంది. ఆపే ముందు ఇంకోసారి స్లైడ్ చూపించాలి. వేసే మోతాదు కూడా చూసుకోండి. పైన రెండు చుక్కలు పడితే అవి వెంట్రుకలకే అంటుకుంటాయి, మలుపు దాకా చేరవు. డాక్టర్ చెప్పినంత లోపలికి పోసి, చెవి మొదలు పిసకాలి. చికిత్స సమయంలో ఎన్ని రోజులకోసారి కడగాలి, కడిగిన ఎంతసేపటికి చుక్కలు వేయాలి అన్నవి కూడా అడిగి రాయించుకోండి. తడి మీద మందు పోస్తే పలచబడుతుంది.

అది తగ్గాక అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: ఎందుకొచ్చింది? వేలాడే చెవి, లోపల వెంట్రుకలు, కృష్ణా తీరపు ఉక్క, స్నానం నీళ్లు – ఇవన్నీ దారి సుగమం చేసేవి మాత్రమే. మాటిమాటికీ తిరగబెట్టే చెవి వెనుక చాలాసార్లు ఉండేది అలర్జీ. చింటూ పాదాలు నాకుతాడా? ముఖం సోఫాకి రుద్దుతాడా? పొట్ట కింద, చంకల్లో ఎర్రగా ఉంటుందా? వీటిలో ఏది ఉన్నా డాక్టర్‌కి చెప్పండి. కొన్ని కుక్కల్లో చెవి తప్ప ఇంకెక్కడా కనిపించదు కూడా. తిండి అలర్జీ అవునో కాదో తేల్చడానికి నమ్మదగిన రక్తపరీక్ష లేదు. ఇంతవరకు తినని ఒకే మాంసం, లేదా దీనికోసమే తయారుచేసే హైడ్రోలైజ్డ్ ఆహారం (మాంసకృత్తుల్ని అలర్జీ రేపనంత చిన్న ముక్కలు చేసినది) 8 వారాలు పెట్టి చూడటమే దారి. కుక్కలకి ఎక్కువగా పడనివాటిలో చికెన్, పాల పదార్థాలు, గోధుమ ఉన్నాయి. మన ఇళ్లలో కుక్క కంచంలో ఉండేవీ అవే: చికెన్ అన్నం, పెరుగన్నం, బిస్కెట్. ఈ 8 వారాల్లో పిల్లలు టేబుల్ కింద నుంచి ఒక్క బిస్కెట్ ముక్క ఇచ్చినా లెక్క తప్పుతుంది. మాంసం రుచి కలిపిన బిళ్లలు కూడా ఆపాలి, ఇంకో రూపంలో ఇమ్మని అడగండి.

చెవి పూర్తిగా నెమ్మదించాక, అంటే ఎరుపు, నొప్పి, వాసన లేనప్పుడు, శుభ్రం చేయడం మీరే నేర్చుకోవచ్చు. పది నిమిషాల పని.

కుక్కల కోసమే తయారైన ఇయర్ క్లీనర్ కొనండి. ఏది కొనాలో డాక్టర్‌నే అడగండి, ఎందుకంటే జిడ్డు చెవికి ఒకటి, తడి చెవికి ఒకటి సరిపోతాయి. సాలిసిలిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం ఉన్నవి చెవిని ఆరబెట్టి ఈస్ట్‌కి చోటు లేకుండా చేస్తాయి. స్క్వాలీన్ ఉన్నవి గట్టి గుబిలిని కరిగిస్తాయి. బాత్రూమ్‌లోనో బాల్కనీలోనో చేయండి, తల విదిలిస్తే గోడలన్నీ చుక్కలే. కాళ్ల కింద జారని చాప వేసి, ఒకరు వెనక నుంచి ఛాతీ, భుజం పట్టుకోండి. షిట్‌జు మూతి పొట్టిది, ఊపిరికి ఎప్పుడూ ఇబ్బందే. మూతికి పట్టీ కట్టడం, నోరు చేత్తో బిగించడం చేయొద్దు, ముఖ్యంగా ఎండాకాలంలో.

సీసాని రెండు నిమిషాలు అరచేతుల మధ్య పట్టుకోండి. చల్లటి ద్రవం లోపల పడితే కుక్కకి కళ్లు తిరుగుతాయి. వేడి నీళ్లలో మరిగించే పని మాత్రం పెట్టుకోకండి. సీసా ముక్కు చెవికి తగలకుండా ఉండాలంటే సూది లేని 5 మి.లీ. సిరంజిలోకి తీసుకోవడం సులువు, ఒక్కో చెవికి ఒక్కో సిరంజి. డొప్పని నిటారుగా పైకి, కొంచెం బయటికి లాగి పట్టుకోండి. అలా లాగితే లోపలి మలుపు కాస్త తిన్నగా అవుతుంది. గొట్టం నిండి, పైన ద్రవం కనిపించే దాకా పోయండి. చింటూ అంత కుక్కకి 2 నుంచి 3 మి.లీ. సరిపోవచ్చు, చెవి నిండటమే గుర్తు. చాలామంది భయపడి నాలుగు చుక్కలు వేసి ఊరుకుంటారు, దాంతో లోపల ఏమీ కదలదు.

ఇప్పుడు చెవి కింద, దవడ మూల పైన, బొటనవేలు, చూపుడువేలు పెట్టి చూడండి. చర్మం కింద మెత్తటి రబ్బరు గొట్టం తగులుతుంది. దాన్ని కింది నుంచి పైకి అర నిమిషం నెమ్మదిగా పిసకాలి. లోపల చపక్ చపక్ మని శబ్దం రావాలి. రాకపోతే ద్రవం చాలలేదు, ఇంకొంచెం పోయండి. ఈ గొట్టం ఎలా ఉందో వేళ్లకి గుర్తుండిపోవాలి. ఏనాడైనా పెన్సిల్‌లా గట్టిగా తగిలితే వాపు చాలాకాలంగా ఉందని, గోడలు గట్టిపడుతున్నాయని అర్థం. అది డాక్టర్‌కి చూపించాల్సిన సంగతి.

పిసికాక తువ్వాలు అడ్డం పెట్టి చెయ్యి తీసేయండి. వాడు తల విదిలిస్తాడు, లోతులో ఉన్న చెత్తని పైకి తెచ్చేది ఆ విదిలింపే. ఆపకండి. తర్వాత చూపుడువేలికి గాజ్ గుడ్డ చుట్టి, వేలు వెళ్లినంత మేరే తుడవండి. గుడ్డకి అంటిన దాని రంగు చూడండి, అవసరమైతే ఇంకోసారి పోసి పిసకండి. రెండో చెవికి కొత్త గాజ్. అయిపోగానే ఇష్టమైన తిండి ముక్క, ఆహార పరీక్షలో ఉంటే ఆ ఆహారంలోదే. సీసా ముక్కు తుడిచి మూత పెట్టండి, మూత తీసిన తేదీ సీసా మీద రాసుకోండి. మురికి ముక్కు ఉన్న సీసాలో బాక్టీరియా పెరుగుతుంది, అదే ద్రవం మళ్లీ చెవిలోకి పోతుంది.

ఎన్నాళ్లకోసారి? గ్రూమర్‌ని బుక్ చేసే యాప్‌లో ‘ఇయర్ క్లీనింగ్’ అన్న గడి ఉంది కదా అని ప్రతి బుకింగ్‌లో టిక్కు పెట్టనక్కర్లేదు. వారానికోసారి డొప్ప ఎత్తి వాసన చూడండి, లోపలికి చూడండి. గులాబీ రంగులో, వాసన లేకుండా, కొద్దిగా లేత గోధుమ గుబిలి ఉంటే అది ఆరోగ్యమే, వదిలేయండి. తిరగబెట్టే చెవులున్న కుక్కకి రెండు మూడు వారాలకోసారి, చెవిలోకి నీళ్లు వెళ్లిన స్నానం తర్వాత ఒకసారి, అది కూడా మీ డాక్టర్ సరే అంటే. రోజూ కడిగితే చర్మం నాని పాడవుతుంది. స్నానానికి ముందు చెవి ద్వారం దగ్గర వదులుగా దూది పెట్టి, అయిపోగానే తీసేయడం మరిచిపోకండి. లోపల మరిచిపోయిన దూదితో వచ్చే కుక్కలకి కొదవ లేదు. డ్రయర్ వేడిగాలిని చెవిలోకి కొట్టొద్దు.

ఇప్పుడు గ్రూమర్. చెవి ఆరోగ్యంగా ఉంటే ఇంటికొచ్చి చేసే మనిషి ఉండటం సౌకర్యమే, వయసు మీద పడిన వాళ్ల ఇళ్లలో మరీను. చెవి చూడగానే సీసా తీసేవాడి కన్నా, ముందు వాసన చూసి ‘ఇది నేను ముట్టుకోను, డాక్టర్‌కి చూపించండి’ అనేవాడు పనిమంతుడు. మీ గ్రూమర్‌కి షరతులు చెప్పి చూడండి. మీ క్లీనర్ మీ ఇంట్లోనే ఉంటుంది, అదే వాడాలి. ఊరంతా తిరిగే సీసా వద్దు. చేతులు కడుక్కోవాలి, తువ్వాలు, గాజ్ మీవే. వెంట్రుకలు పీకడం, బడ్ లోపల పెట్టడం, ఏ రకమైన చుక్కలైనా వేయడం వద్దు. కుక్క కదలకుండా మత్తు బిళ్ల ఇస్తానంటే గుమ్మంలోంచే పంపించేయండి. ఈ షరతులకి చిరాకు పడితే అప్పుడు మార్చండి. చింటూకి రేబీస్ టీకా ఏటా వేయించి, కార్డు చూపించండి. నొప్పి చెవి ముట్టుకుంటే ఎంత సాధువైన కుక్కైనా కరుస్తుంది. కరిస్తే, టీకా వేసిన కుక్కే అయినా, గాయాన్ని సబ్బు పెట్టి పారే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లి చెవులు చేయించక్కర్లేదు. బాగున్న పిల్లి చెవి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. కానీ మీ విషయంలో పిల్లిని ఒకసారి చూపించడం తప్పనిసరి. చెవి మైట్లు (చెవిలో బతికే సన్నటి పురుగులు) పిల్లి నుంచి కుక్కకి తేలిగ్గా పాకుతాయి, ఎదిగిన పిల్లుల్లో కొన్నింటికి పెద్దగా లక్షణాలే ఉండవు. చింటూ చెవి తిరగబెట్టడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. పిల్లి చెవిలో పొడిపొడిగా, వాడేసిన కాఫీ పొడిలా నల్లటి చెత్త కనిపిస్తే అనుమానించాలి. మైట్లు తేలితే ఇంట్లో ఉన్న కుక్కలూ పిల్లులూ అన్నింటికీ ఒకేసారి మందు వేయాలి. వాటి జీవిత చక్రం దాదాపు మూడు వారాలు కాబట్టి ఒక్క మోతాదుతో ఆపకూడదు. ఒక హెచ్చరిక: కుక్కల పిడుదుల కోసం వాడే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లి ప్రాణం తీస్తుంది. చింటూ మీద వేసిన మందు పిల్లికి వేయకండి, ఆరేదాకా రెండింటినీ కలిసి పడుకోనివ్వకండి.

డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేలోగా కింది వాటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లండి: తల ఒక పక్కకి వాలడం, నడుస్తూ తూలడం, కనుగుడ్లు అటూఇటూ కొట్టుకోవడం, నోరు తెరవడానికి ఏడవడం, చెవిలోంచి రక్తం లేదా చీము. తల విదిలించి విదిలించి డొప్ప లోపల రక్తనాళం చిట్లి, చెవి దిండులా ఉబ్బినా అంతే. దాన్ని ఇంట్లో సూదితో పొడవకండి. వెళ్లేటప్పుడు గ్రూమర్ వాడిన సీసా ఫోటో, చింటూ తల విదిలిస్తున్న వీడియో ఫోన్‌లో ఉంచుకోండి. పిల్లిని కూడా బుట్టలో పెట్టి అదే ఆటోలో తీసుకెళ్తే ఇంకో ప్రయాణం తప్పుతుంది.